విలీనం తర్వాత మన జీతం గురించి బేరమాడే హక్కు మనకు మిగిలిందా?

టిమ్_మిషన్_24
ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీలో కండక్టర్‌గా 24 ఏళ్ల సర్వీసు నాది. మొన్న వీక్లీ ఆఫ్ రోజు అటక సర్దుతుంటే రేకు పెట్టెలో పాత వేతన ఒప్పందం పుస్తకం దొరికింది. చిన్న పుస్తకం, అట్ట మీద నూనె మరక, మధ్యలో గుర్తు కోసం పెట్టుకున్న టికెట్ రోల్ ముక్క అట్లే ఉంది, దాని మీద అచ్చు మాత్రం చెరిగిపోయింది. చివరి పేజీలో ఒక పక్క యాజమాన్యం సంతకాలు, ఇంకో పక్క గుర్తింపు యూనియన్ వాళ్లవి. మా పాప ఇంటర్ చదువుతోంది. అది చూసి "ఇప్పటి పుస్తకం ఏది నాన్నా" అనింది. ఇప్పుడు పుస్తకం రాదమ్మా, జీవో వస్తుంది అన్నా. "దాంట్లో మీ వాళ్ల సంతకం ఎక్కడుంటుంది?" అనింది. నా నోట మాట రాలేదు.

2020 జనవరి 1న మమ్మల్ని ప్రభుత్వంలో కలిపారు, రాష్ట్రమంతా కలిపి 52 వేల మంది దాకా. ఆ రోజు డిపో గేటు దగ్గర స్వీట్లు పంచిన వాళ్లలో నేనూ ఉన్నా, అది తప్పని ఇప్పటికీ అనను. కానీ అంతకు ముందు మేం ఓటేసి ఒక యూనియన్‌ను గెలిపించుకునేవాళ్లం, నాలుగేళ్లకోసారి వేతన సవరణకు ఆ యూనియన్ యాజమాన్యం ఎదురుగా కూర్చునేది, తేలకపోతే సమ్మె నోటీసు ఇచ్చేది, తేలితే సంతకం పెట్టేది. ఇప్పుడు చేసేదల్లా వినతిపత్రం ఇచ్చి రిసీవ్డ్ స్టాంపు వేయించుకుని రావడమే. నేను అడిగేది ఒకటే. చట్ట ప్రకారం మనకు బేరమాడే హక్కు పోయిందా, లేక ఉండీ వాడుకోవడం లేదా? తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్_స్టీరింగ్
తమ్ముడూ, ఆ పుస్తకం మా ఇంట్లోనూ ఉంది. కానీ ఆ పుస్తకం ఉన్న రోజుల్లో సంస్థ నష్టాల్లో ఉందని పేపర్లో వచ్చిన ప్రతిసారీ మా ఇంటామె ముఖం చూడాల్సింది. ప్రైవేటుకి ఇచ్చేస్తారంట, డిపోలు మూసేస్తారంట అని రోజుకో పుకారు. విలీనంతో ఆ టెన్షన్ పోయింది. తెలంగాణలో 2019 అక్టోబర్ 5 నుంచి 52 రోజులు సమ్మె చేసింది దేనికి? మనకు ఇచ్చినట్టు మాకూ ఇవ్వండి అని. వాళ్లు అంత కష్టపడి అడిగింది మన చేతికి వచ్చింది. సంతకం లేదని బాధపడే ముందు అది గుర్తుపెట్టుకో.

పాకాల_పంతులు
కండక్టర్ అన్నా, సంతకం ఎక్కడుంటుందని మీ పాప అడిగిన ప్రశ్న ప్రభుత్వ టీచర్లం మేం 2022లో రోడ్డు మీద నిలబడి అడిగినాం. అప్పటికి ఐఆర్ (మధ్యంతర భృతి) 27 శాతం తీసుకుంటున్నాం, ప్రకటించిన ఫిట్‌మెంట్ (బేసిక్ మీద పెంపు) 23 శాతం. ఉన్నదాని కంటే తక్కువ ఇవ్వడాన్ని వేతన సవరణ అని ఎట్లా అంటారని రివర్స్ పీఆర్సీ (పీఆర్సీ అంటే వేతన సవరణ కమిషన్) అన్నాం. జనవరి 17న జీవోలు వచ్చేశాయి, హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం) శ్లాబులు కూడా తగ్గించి. జీవోలు వచ్చాక చర్చలకు పిలిచారు. బేరం ముందు, చీటీ తర్వాత అని సంతలో చిన్న పిల్లోడికీ తెలుసు, ఇక్కడ చీటీ రాసేసి బేరానికి రమ్మన్నారు.

కొర్లగుంట_బ్యాంకు
మాది ప్రభుత్వ రంగ బ్యాంకు, నేను క్లర్కుని. మా పద్ధతి చెబుతాను, పోల్చి చూసుకోండి. 1966లో మొదటి ద్వైపాక్షిక ఒప్పందం జరిగింది, అప్పటి నుంచి ఇదే దారి. ఒక పక్క బ్యాంకుల తరఫున ఐబీఏ (బ్యాంకుల యాజమాన్యాల సంఘం), ఇంకో పక్క యూనియన్లన్నీ కలిసి ఒక వేదిక. 12వ ఒప్పందం మీద 2024 మార్చి 8న సంతకాలయ్యాయి, 17 శాతం పెంపు, 2022 నవంబర్ 1 నుంచి ఐదేళ్లకు వర్తిస్తుంది. ఆలస్యమైంది నిజమే, 16 నెలలు లాగారు, అయినా పాత తేదీ నుంచే లెక్క కట్టి అరియర్స్ ఇచ్చారు. మా మీదా ప్రభుత్వమే యజమాని. మరి మాకు సాధ్యమైంది మీకెందుకు కాదు?

టిమ్_మిషన్_24
అదే కదన్నా. మాకూ ఒకప్పుడు అట్లే ఉండె.

శ్రీసిటీ_బి_షిఫ్ట్
ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోవద్దు. నేను ప్రైవేటు. కాంట్రాక్టర్ కింద 14 వేలు చేతికి వస్తుంది. మాకు పీఆర్సీ లేదు, డీఏ లేదు, ఇంక్రిమెంట్ అడిగితే గేటు చూపిస్తారు. మీ జీతాలు మా పన్నుల్లోంచే వస్తాయి. ప్రైవేటు కంపెనీలో అయితే లాభంలో వాటా అడుగుతారు, ప్రభుత్వంతో బేరమంటే జనంతో బేరమే కదా? మీరు బస్సులు ఆపితే నాలాంటోడు సూళ్లూరుపేట నుంచి డ్యూటీకి ఎట్లా పోవాలి?

పుత్తూరు_అక్క
తమ్ముడూ, నీ 14 వేలకి నేను అసూయ పడాలి. నేను అంగన్‌వాడీ టీచర్ని, నాది 11,500. 2023 డిసెంబర్ 12న సమ్మెలో కూర్చున్నాం, 42 రోజులు. సంక్రాంతి పండగ టెంటు కిందే చేసుకున్నాం, రోడ్డు మీదే ముగ్గులు వేసినాం. మధ్యలో జనవరిలో మా మీద ఎస్మా (అత్యవసర సర్వీసుల్లో సమ్మె ఆపే చట్టం) పెట్టారు. నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాదు. జీతం అడిగితే మీరు ఉద్యోగులు కారు, మీది గౌరవ వేతనం అంటారు. సమ్మె చేస్తే మీది అత్యవసర సర్వీసు, ఆపకూడదు అంటారు. ఏదో ఒకటి చెప్పాలి కదా.

చివరికి పిలిచి మాట్లాడారు, జులైలో జీతం పెంచుతామన్నారు, లేచాం. జులై వచ్చేసరికి ప్రభుత్వమే మారిపోయింది. ఇచ్చిన మాట ఎవరిని అడగాలి? మా దగ్గర ఉన్నది మినిట్స్ కాగితం. కండక్టర్ అన్న చెప్పిన పుస్తకం లాంటిది కాదది.

కొండకింద_కుర్రోడు
అక్కా, మా అమ్మ పారిశుద్ధ్య కార్మికురాలు, ఒక మునిసిపాలిటీలో. మీ సమ్మె జరుగుతుండగానే డిసెంబర్ 26న వాళ్లూ దిగారు, 16 రోజులు. చీపురు పక్కన పెట్టి ఆఫీసు ముందు కూర్చున్నప్పుడు మా వీధి వాళ్లే ముక్కు మూసుకుని పోతూ తిట్టుకున్నారు. నాలుగో రోజుకి మా పక్కింటి అవ్వ మజ్జిగ బిందె తెచ్చి వాళ్ల మధ్య పెట్టి పోయింది. అమ్మ ఇప్పటికీ ఆ మజ్జిగ సంగతే చెబుతుంది.

శ్రీసిటీ_బి_షిఫ్ట్
అక్కా, మీ సంగతి వేరు. నేను మాట్లాడింది పెద్ద జీతాల వాళ్ల గురించి.

పాకాల_పంతులు
పెద్ద జీతం, చిన్న జీతం అని మనల్ని మనమే విడదీసుకుంటే ఎట్లా తమ్ముడూ. నీ గేటు దగ్గర ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నా గేటు దగ్గర కూడా మాట్లాడొద్దు అంటున్నావు.

కాళహస్తి_లాయరు
మొదటి పోస్టులో అడిగిన దానికి వస్తాను. కాస్త పొడుగవుతుంది.

సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలో ఉంది, ఆర్టికల్ 19(1)(సి). ఆ సంఘంతో యజమాని బేరానికి కూర్చోవాల్సిందే అనే హక్కు మాత్రం అందులో కలిసి రాలేదని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది, బ్యాంకు ఉద్యోగుల సంఘం వేసిన కేసులోనే. 2003లో రంగరాజన్ కేసులో ఇంకా కటువుగా చెప్పింది. ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె చేయడానికి ప్రాథమిక హక్కు గానీ చట్టపరమైన హక్కు గానీ నైతికమైన హక్కు గానీ లేదని.

కాబట్టి బేరమాడే హక్కు మనకు దొరికిందంటే అది రాజ్యాంగం నుంచి నేరుగా రాలేదు, 1947 పారిశ్రామిక వివాదాల చట్టం నుంచి వచ్చింది. అన్నా, మీ పెట్టెలో ఉన్న పుస్తకం విలువ అక్కడుంది. ఆ చట్టం కింద కన్సిలియేషన్‌లో (లేబర్ అధికారి రాజీ చర్చల్లో) కుదిరిన ఒప్పందం సెక్షన్ 18(3) ప్రకారం అందరి మీదా పనిచేసేది. ఆ యూనియన్‌లో సభ్యుడు కానివాడికీ, రేపు కొత్తగా చేరేవాడికీ. ఉల్లంఘిస్తే శిక్ష ఉండేది. సర్వీస్ కండిషన్లు మార్చాలంటే సెక్షన్ 9ఎ కింద 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాల్సి ఉండేది. అయితే అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు రాసిపెట్టారు, ప్రభుత్వ సర్వీసు రూల్స్ వర్తించే వాళ్లకి ఆ నోటీసు అక్కర్లేదని. విలీనంతో మీరు ఏ గీత దాటారో ఆ మినహాయింపు చదివితే తెలుస్తుంది.

ప్రభుత్వ ఉద్యోగి జీతం ఆర్టికల్ 309 కింద చేసే రూల్స్‌తో నడుస్తుంది. ఆ రూల్ ప్రభుత్వం ఒక్కటే రాయగలదు, ఒక్కటే మార్చగలదు. పీఆర్సీ కమిషన్ ఇచ్చేది సిఫార్సే. పదకొండో పీఆర్సీలో అధికారుల కమిటీ 14.29 శాతం చాలంది, చివరికి 23 ఇచ్చారు. అంటే ఏ అంకె అయినా ఇవ్వొచ్చు, ఎవరి సంతకమూ అక్కర్లేదు.

టిమ్_మిషన్_24
సార్, 21 రోజుల నోటీసు సంగతి నాకు తెలియనే తెలియదు. 24 ఏళ్లు పనిచేశాను.

రిటైర్డ్_స్టీరింగ్
నాకు తెలుసు. గేట్ మీటింగ్‌లో చెప్పేవాళ్లు, నువ్వు టీ బంకు దగ్గర ఉండుంటావు :)

రేణిగుంట_గార్డు
లాయరు గారి మాటకు ఒక చేర్పు. కేంద్ర ఉద్యోగులకు 1966 నుంచి జేసీఎం అని ఉమ్మడి సంప్రదింపుల యంత్రాంగం ఉంది. 1960లో కేంద్ర ఉద్యోగుల సమ్మె జరిగాక పుట్టింది అది. జీతభత్యాలు, వారానికి పనిగంటలు, సెలవులు, ఈ మూడు విషయాల్లో తేలకపోతే ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తి తీర్పుకి) పోవచ్చు. పార్లమెంటు కావాలంటే ఆ తీర్పుని మార్చొచ్చు, అయినా దారంటూ ఒకటుంది. మా రైల్వేలో యూనియన్ గుర్తింపుకి రహస్య బ్యాలట్ కూడా ఉంది. 2007లో మొదటిసారి, తర్వాత 2013, ఆ తర్వాత మొన్న 2024 డిసెంబర్లో. పదకొండేళ్లు ఆగాల్సి వచ్చింది, అయినా ఓటు వేలికి సిరా అంటింది.

మా నాయన 1974 రైల్వే సమ్మెలో ఉన్నాడు. మే 8 నుంచి 27 దాకా, 20 రోజులు. నాకప్పుడు ఆరేళ్లు. క్వార్టర్స్‌లో మగవాళ్లు రాత్రిళ్లు ఇంట్లో పడుకునేవాళ్లు కాదు, అరెస్టులకు భయపడి. అమ్మ గాజులు తాకట్టు పెట్టి రాగులు తెచ్చింది. ఆ సమ్మె ఓడిపోయిందని పుస్తకాల్లో రాస్తారు. 1979లో బోనస్ వచ్చినప్పుడు మా నాయన ఆ డబ్బులు తెచ్చి అమ్మ చేతిలో పెట్టి ఏమీ మాట్లాడకుండా బయటికి పోయాడు.

కుప్పం_సరిహద్దు
రంగరాజన్ కేసు అని లాయరు సార్ ఒక్క లైన్లో రాసేశారు గానీ మా ఇంట్లో అది ఒక్క లైను కాదు. మా మేనమామ అప్పుడు తమిళనాడులో గుమాస్తా. 2003 జులైలో సమ్మె చేశారని ఒక్క దెబ్బన లక్షా డెబ్బై వేల మందిని తీసేశారు. రెండోసారి అలాంటి పని చేయనని, క్షమించమని రాసిచ్చిన వాళ్లని వెనక్కి తీసుకోమంది కోర్టు. మామ ఆ లెటర్ మూడుసార్లు రాసి చించాడంట. నాలుగోసారి అత్త రాసింది, ఆయన సంతకం పెట్టాడు. రిటైరై పదేళ్లయినా ఎవరైనా సమ్మె అంటే లేచి లోపలికి పోతాడు. అందుకే ఊరికే హక్కు హక్కు అని రెచ్చగొట్టొద్దు. పోయేది రాసినోళ్ల ఉద్యోగం కాదు.

పుత్తూరు_అక్క
మీ మామయ్య బాధ అర్థమవుతుంది తమ్ముడూ. మాకూ ఆ జనవరిలో తొలగింపు నోటీసులు వచ్చినాయి. నా నోటీసు పట్టుకుని మా ఆయన రాత్రంతా కూర్చున్నాడు. కానీ అందరం ఒక్కసారే లేచాం, ఒక్కసారే లోపలికి పోయినాం. ఎవరి చేతా క్షమాపణ రాయించలేదు.

కరెంటాఫీసు_కేశవాయనగుంట
మా డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) హెడ్డాఫీసు తిరుపతిలోనే ఉంది కాబట్టి చెబుతున్నా. విద్యుత్ సంస్థలు కూడా ప్రభుత్వానివే. మాకు పే రివిజన్ యాజమాన్యాలకీ ఉద్యోగుల జేఏసీకీ మధ్య ఒప్పందంగానే వస్తుంది. కంపెనీగా ఉన్నంతకాలం ఈ దారి ఉంది. అందుకే మా దాంట్లో ఎవరైనా "మనల్నీ ప్రభుత్వంలో కలపాలి" అంటే పాతకాపులు వద్దంటారు.

రిటైర్డ్_స్టీరింగ్
మీ సంస్థకి జనం కరెంటు బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీకుతారు. మాకు డీజిల్ ధర పెరిగిన ప్రతిసారీ టికెట్ పెంచనివ్వరు. రెండూ ఒకటి కాదు.

కరెంటాఫీసు_కేశవాయనగుంట
సరే పెద్దాయనా, ఒప్పుకుంటా. కానీ నష్టాలు తీరడానికి విలీనం కావాలన్నారు. దానికోసం బేరం వదులుకోవాలని ఎవరు చెప్పారు? జీతం ట్రెజరీ నుంచి వచ్చినా, ఎంత రావాలో కూర్చుని మాట్లాడుకునే పద్ధతి పెట్టొచ్చుగా. ఆ రోజు బిల్లులో ఆ ఒక్క క్లాజు రాయించుకుని ఉండాల్సింది.

టిమ్_మిషన్_24
ఇదీ నా గుండెల్లో ఉన్నది. ఆ రోజు మేం సంబరంలో అడగలేదు. నేనూ అడగలేదు.

బంగారుపాళ్యం_తోట
నేను ఉద్యోగిని కాదు, మామిడి రైతుని, చదువుతూ ఉండలేక రాస్తున్నా. 2025 సీజన్లో తోతాపురి ధర పడిపోయింది. మీటింగులు పెట్టి కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ఖరారు చేశారు. మూడు రోజులు ట్రాక్టరు క్యూలో నిలబెట్టుకుని, కాయ కింద నుంచి రసం కారుతుండగా ఒక ఫ్యాక్టరీ గేటు దాకా పోతే, అక్కడ చీటీ మీద రాసిన ధర 8 కాదు. ఇదేంటంటే మాకు రాతపూర్వకంగా ఏమీ లేదన్నారు. ప్రభుత్వం వాటా 4 రూపాయలు తర్వాత ఖాతాలో పడింది. ఫ్యాక్టరీ వాటా కోసం ఎవరి దగ్గరికి పోవాలి? అక్క చెప్పిన మినిట్స్, నేను చూసిన మీటింగు, రెండూ ఒకటే. మాట్లాడటానికి పిలిచారని మురిసిపోతాం. మాట తప్పితే పట్టుకుని అడగడానికి చేతిలో ఏముంది అనేదే చూడాలి.

కొర్లగుంట_బ్యాంకు
నిజం. మాకు కూడా వారానికి ఐదు రోజుల పని మీద ఐబీఏ ఒప్పుకుంది, ప్రభుత్వం ఆమోదం దగ్గర ఆగింది. సంతకం ఉన్న మాకే అట్లా ఉంటే, లేనివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

మిల్వాకీ_తిరుపతి
ఊరు తిరుపతి, ఉద్యోగం అమెరికాలో విస్కాన్సిన్. ఇక్కడ సంగతి కూడా వినండి. ప్రభుత్వ ఉద్యోగుల బేరానికి చట్టం చేసిన మొదటి రాష్ట్రం ఇదే, 1959లో. అదే రాష్ట్రం 2011లో యాక్ట్ 10 అని తెచ్చి దాదాపు అంతా వెనక్కి తీసుకుంది. మూల జీతం ఒక్కదాని మీదే బేరం, అది కూడా ధరల పెరుగుదల సూచీ దాటకూడదు. యూనియన్ ఏటా ఓటు పెట్టి మొత్తం ఉద్యోగుల్లో సగం మందికి పైగా మద్దతు చూపించాలి, ఓటుకి రానివాడు వ్యతిరేకి కిందే లెక్క. పోలీసులకీ ఫైర్ వాళ్లకీ మినహాయింపు. పదమూడేళ్ల తర్వాత 2024 డిసెంబర్లో కింది కోర్టు దాంట్లో చాలా భాగం చెల్లదంది, అప్పీలుకి పోయారు. చట్టంలో ఉన్న హక్కు కూడా ఇంకో చట్టంతో పోతుంది.

శ్రీసిటీ_బి_షిఫ్ట్
అందరి పోస్టులూ చదివాను. లాయరు సార్, సూటిగా ఒకటి అడుగుతా. మాలాంటి చోట యూనియన్ పెట్టాలంటే ఎంతమంది కావాలి?

కాళహస్తి_లాయరు
దరఖాస్తుకు కనీసం ఏడుగురు సంతకం పెట్టాలి. కానీ సంస్థలో పనిచేసేవాళ్లలో 10 శాతం లేదా 100 మంది, రెండింట్లో ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. కాంట్రాక్టరు కింద ఉన్నా కార్మికుడు కార్మికుడే, భయపడొద్దు. మిగతాది పర్సనల్ మెసేజ్ పెట్టండి, పేర్లు ఇక్కడ రాయొద్దు.

అందరికీ ఇంకోటి. 2025 నవంబర్ 21 నుంచి పాత చట్టం పోయి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. అందులో బేరమాడే యూనియన్‌కి దేశమంతటికీ వర్తించేలా ఒక నియమం రాశారు. 51 శాతం సభ్యులుంటే ఆ ఒక్క యూనియనే, లేకపోతే 20 శాతం పైన ఉన్నవాళ్లందరితో కౌన్సిల్. ఇది మంచిదే. కానీ ఏ సంస్థలో అయినా సమ్మెకు 14 రోజుల నోటీసు తప్పనిసరి చేశారు, సగం మంది కలిసి ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెడితే అదీ సమ్మె కిందే లెక్క అన్నారు.

పాకాల_పంతులు
మాస్ క్యాజువల్ లీవ్ కూడా పోయిందా! మాకు మిగిలింది అదొక్కటే అనుకున్నా.

కాళహస్తి_లాయరు
ఆ కోడ్ మీకు వర్తించదు సార్, మీకు 1964 కాండక్ట్ రూల్స్ ఉన్నాయి. అందులో సమ్మెకు దారే లేదు.

పాకాల_పంతులు
కాండక్ట్ రూల్స్ అన్నారు కాబట్టి 2022 ఫిబ్రవరి 3 సంగతి చెప్పనివ్వండి. చలో విజయవాడ. దారి పొడుగునా ఆపుతున్నారని తెలిసి మేం ఐదుగురం పెళ్లికి పోతున్నట్టు బయలుదేరినాం. మా లెక్కల మేడం పట్టుచీర కట్టుకుంది, ఒళ్లో తాంబూలం పళ్లెం. తెల్లవారుజామున ఒక టోల్‌గేట్ దగ్గర టార్చి వేసి చూసి "పెళ్లి ఎవరిది" అన్నారు. "మా అన్న కూతురిది" అని ఆమె వెంటనే చెప్పింది, గొంతు వణకలేదు. బీఆర్టీఎస్ రోడ్డు చేరేసరికి జనం సముద్రం. పళ్లెంలో ఉన్న అరటిపండ్లు అక్కడే పంచేసినాం.

రెండు రోజులకి చర్చలు జరిగాయి, 7 నుంచి చేయాల్సిన సమ్మె ఆపేశారు. హెచ్ఆర్ఏలో కొంత మార్చారు, ఫిట్‌మెంట్ కదల్లేదు. మా ఉపాధ్యాయ సంఘాలు ఆ ఒప్పందానికి ఒప్పుకోమని బయటికి వచ్చేశాయి. అప్పుడు నాకు తట్టింది. లోపల కూర్చున్నవాళ్లు మా తరఫున సరే అనడానికి మేం ఎప్పుడు ఓటేశాం? కండక్టర్ అన్నకి ఒకప్పుడు ఆ ఓటు ఉండేది. నాకు 19 ఏళ్ల సర్వీసులో ఎప్పుడూ లేదు.

రేణిగుంట_గార్డు
ఇది అసలు మాట. ఓటుతో వచ్చిన గుర్తింపుని యజమాని అంత సులువుగా తీసేయలేడు.

కాళహస్తి_లాయరు
రాష్ట్ర ఉద్యోగ సంఘాలకు గుర్తింపు 2001 నాటి రోసా (సర్వీసు సంఘాల గుర్తింపు) రూల్స్ కింద ప్రభుత్వం ఇస్తుంది. ఇచ్చేది ఎవరో తీసేదీ వాళ్లే. 2023 జనవరిలో ఒక సంఘం నాయకులు జీతాలు ఆలస్యమవుతున్నాయని గవర్నర్‌ను కలిసి చెప్పుకుంటే, మీ గుర్తింపు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని నోటీసు వచ్చింది.

కుప్పం_సరిహద్దు
నేను ఇందాక కాస్త గట్టిగా రాశాను, ఏమీ అనుకోవద్దు. ఓటు సంగతి మాత్రం నాకు నచ్చింది. ఓటు అడగడానికి సమ్మె చేయక్కర్లేదు, ఎవరి ఉద్యోగమూ పోదు.

రిటైర్డ్_స్టీరింగ్
రాత్రి నిద్ర పట్టలేదు, మళ్లీ రాస్తున్నా. 2015 మే 6న బస్సులు ఆపేసినాం, 13 దాకా. నేను అప్పుడు ఘాట్ డ్రైవర్ని. కొండ మీద చిక్కుకున్న యాత్రికుల్ని తలుచుకుంటే నాకు అన్నం సయించలేదు, ఒక తమిళ ముసలామె అలిపిరి దగ్గర మూట మీద కూర్చుని మమ్మల్నే చూస్తూ ఉండేది. శ్రీసిటీ తమ్ముడు అడిగింది తప్పు కాదు, సమ్మె అంటే ఎవరో ఒకరికి కష్టమే. ఎనిమిదో రోజు 43 శాతం ఫిట్‌మెంట్‌కి ఒప్పుకున్నారు. నా బేసిక్ అంత పెరగడం నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. ఆ డబ్బుతోనే పెద్దపిల్లకి బీఈడీ ఫీజు కట్టినా.

ఆ ఎనిమిది రోజులూ మమ్మల్ని ఎవరూ దొంగల్లా చూడలేదు. నోటీసు ఇచ్చి చేసినాం, చట్టంలో ఉన్న పనే చేసినాం. ఇప్పుడు అదే పని చేస్తే క్రమశిక్షణ కేసు. విలీనం మంచిదనే నేను ఇప్పటికీ అంటా. కానీ తమ్ముడూ, పోయింది చిన్నది కాదు, నువ్వు చెప్పింది నిజం.

టిమ్_మిషన్_24
అన్నా, మీరు ఈ మాట అన్నారు, నాకు చాలు.

పుత్తూరు_అక్క
చాలదు. ఏం చేస్తారో చెప్పండి.

కాళహస్తి_లాయరు
అక్క అడిగింది న్యాయం. నాకు తోచింది చెబుతా. సంఘం పెట్టుకునే హక్కు, బేరమాడే హక్కుల మీద ఉన్న ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 87, 98 ఒడంబడికలు ఇండియా ఇప్పటికీ ఆమోదించలేదు, ప్రభుత్వ ఉద్యోగుల మీద ఉన్న ఆంక్షలే అడ్డంకి. 1948, 1949 నాటివి అవి. దానికోసం ఢిల్లీ దాకా ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. రాష్ట్రం చేతిలో ఉన్నది అడగండి. ఒకటి, విలీనమైన ఉద్యోగులకు మళ్లీ రహస్య బ్యాలట్‌తో గుర్తింపు ఎన్నిక. రెండు, జీవో రాకముందు ఆ గెలిచిన సంఘంతో చర్చ, ఆ చర్చ తేలిన మాటకి ఇరుపక్షాల సంతకం. చట్టం మార్చకుండానే రూల్స్‌లో ఇవి పెట్టొచ్చు.

కొర్లగుంట_బ్యాంకు
మూడోది కూడా పెట్టండి సార్. పాత పీఆర్సీ గడువు అయిపోయాక ఇన్ని నెలల్లోపు కొత్తది తేలాలి అని. పదకొండోది 2023 జూన్‌తోనే అయిపోయింది కదా.

శ్రీసిటీ_బి_షిఫ్ట్
లాయరు సార్, మెసేజ్ పెట్టాను. తొమ్మిది మందిమి ఉన్నాం.

టిమ్_మిషన్_24
శుక్రవారం మధ్యాహ్నం మా దగ్గర భోజన విరామంలో గేట్ మీటింగ్ ఉంది. నాకు మైకులో మాట్లాడటం రాదు. లాయరు సార్ రాసిన రెండూ, బ్యాంకు అన్న రాసిన మూడోదీ ఒక కాగితం మీద రాసుకుని చదివేస్తాను. రిటైర్డ్ అన్నా, మీరూ రావాలి, ఆ ఎనిమిది రోజుల సంగతి కొత్త పిల్లలకి మీ నోటితో చెప్పాలి.

రిటైర్డ్_స్టీరింగ్
వస్తా. మోకాళ్లు నొప్పి, కుర్చీ ఒకటి వేయించు.

పాకాల_పంతులు
అన్నా, ఆ పుస్తకం చివరి పేజీ ఫోటో ఇక్కడ పెట్టండి. మా స్టాఫ్ రూములో చూపించాలి.

టిమ్_మిషన్_24
ఫోన్‌లో తీస్తే సరిగా రావడం లేదు సార్, సిరా పలచబడింది. రేపు ఫస్ట్ ట్రిప్ దిగాక బస్టాండు ఎదురుగా జిరాక్స్ షాపులో స్కాన్ తీయించి పెడతాను. పాప కూడా వస్తానంటోంది, పుస్తకం తనే పట్టుకుంటుందంట.